సోమవారం మెడికల్

"దవాఖానకు పోదాం, లే" అంది సృజన, పొద్దుటి నుంచి నాలుగోసారి.

"అవసరం లేదు" అన్నాడు సంపత్, అతనూ నాలుగోసారే.

అంటూనే దగ్గాడు. దగ్గుతూనే ఎడమ రొమ్ము పక్కన అరచేత్తో అదిమి పట్టుకున్నాడు. నొప్పికి మొహమంతా వంకర్లు పోయింది. అది చూసి సృజన ప్రాణం ఉసూరుమంది.

నిన్న పొద్దున బావి దగ్గరి మామిడిచెట్టు ఎక్కి, కొమ్మ మీది నుంచి జారి, కింద రాళ్ల మీద బోర్లా పడ్డాడు. ఎక్కమన్నది సృజనే. మస్కట్‌లో ఉన్న ఆమె అన్న సదానందానికి మామిడికాయ తొక్కు అంటే ప్రాణం. మొగుడు ఎలాగూ అక్కడికే పోతున్నాడు కదా, ఒక డబ్బా పట్టించి పంపుదామనుకుంది. తెంపిన కాయలు వాకిట్లో గంపలో అలాగే ఉన్నాయి. వాటిని చూసినప్పుడల్లా తానే అతణ్ణి చెట్టు మీది నుంచి తోసినట్టు కుమిలిపోతోంది.

సోమవారం హైదరాబాదులో మస్కట్ వీసాకు మెడికల్ పరీక్ష. అక్కడ రొమ్ముకు ఎక్స్‌రే తీస్తారు. ఇవాళ శుక్రవారం. ఊళ్లో గల్ఫ్ పోయొచ్చినవాళ్లంతా సగం డాక్టర్లే కాబట్టి, ఫిల్ములో మిరపగింజంత మచ్చ కనబడినా అన్‌ఫిట్ కొడతారని తలా ఒక మాట చెప్పి ఆమె బుర్ర తినేశారు.

"బొక్క ఇరిగి ఉంటే ఏంజేస్తవ్?" అంది.

"ఇరిగితే సోమవారం తెలుస్తది. ఎట్లాగూ ఎక్స్‌రే తీస్తరు గద."

"ఆడ తెలిస్తే అన్‌ఫిట్ గొడ్తరు. గదే ఈడ తెలిస్తే తారీకు జర ఎనకకు జరుపుకోవచ్చు."

"గొడ్తే గొట్టనీ. మన నసీబ్."

"నసీబట, నసీబు! మా అన్న ఏడాది సంది ఆఫీసుల సుట్టు తిరిగి వీసా పంపింది ఇందుకేనా?"

అన్న పేరు ఎత్తితే చాలు, సంపత్ నోరు మూతపడిపోతుంది. మా ఆయనకు మా అన్నంటే అంత మర్యాద అని సృజన పదిమందికీ గొప్పగా చెప్పుకుంటుంది. సంపత్ ఇంతకుముందు రెండేళ్లు మస్కట్‌లో పనిచేసి వచ్చినవాడే. ఎలా ఉంటుందని ఎవరు అడిగినా, "ఏముంటది, ఎండ" అని లేచిపోతాడు.

ఇప్పుడూ అలాగే లేచాడు. వాకిట్లోకి పోయాడు, వచ్చాడు, మంచం మీద కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. అతని వెనకే సృజన. వేడి ఉప్పుమూట పట్టుకుని అతని తల్లి బాలవ్వ ఇద్దరి వెనకా.

"జర కూసో కొడుకా, కాపడం పెడ్త" అని బతిమాలి అంగీ పైకెత్తిన బాలవ్వ, లోపల కమిలిన చోటు చూసి గుండె బాదుకుంది. "ఓ పిల్లా, గిదేంది నల్లగైంది! దీనికి నా ఉప్పుమూట సాలది. డాక్టర్ దగ్గరికి తోల్కపో."

"నువ్వు ఊకో అవ్వా" అని కసిరాడు సంపత్.

సృజన ఓపిక అంతటితో అయిపోయింది. ఫోన్ తీసి అన్నకు వీడియో కాల్ కలిపి, మొగుడి మొహం ముందు పెట్టేసింది.

"బావా, నా మాట ఇను" అన్నాడు సదానందం. "పోయి సూపిచ్చుకో. ఏమన్న ఉంటే ఇప్పుడే చెప్పు, మా సార్ కాళ్లు పట్టుకొనన్న తారీకు మార్పిస్త. నువ్వైతే ఫికర్ జెయ్యకు. ఎట్లైనా నిన్ను తెప్పిచ్చుకుంట."

సంపత్ మొహం పాలిపోయింది. మళ్లీ పోటు పొడిచిందేమో అనుకుంది సృజన.

"సరే బావా, పోత" అన్నాడు చివరికి.

పెద్దపల్లి దాకా ఆటోలో పోయారు. గుంత వచ్చినప్పుడల్లా అతను పళ్లు బిగబట్టాడు. అతను బిగబట్టినప్పుడల్లా ఆమె ధర్మపురి నరసింహస్వామికి ఇంకో కొబ్బరికాయ మొక్కుకుంది. ఎముకల డాక్టర్ దగ్గరికి చేరేసరికి పదకొండు కాయలయ్యాయి. ఎక్స్‌రే తీయించుకుని బయట బల్ల మీద కూర్చున్నాక అతను ఉన్నట్టుండి లేచాడు.

"నొప్పి తగ్గింది. ఇంటికి పోదాం పా."

"కూసో!" అని అంగీ పట్టుకుని లాగింది సృజన. పక్కనున్న పేషెంట్లు నవ్వారు. ఆమెకు సిగ్గు కూడా వేయలేదు.

లోపల డాక్టర్ కైనాత్ ఫిల్మును వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది. సృజన పన్నెండో కాయ మొక్కుకుంది.

"ఎంత ఎత్తుకెల్లి పడ్డవు?" అంది డాక్టర్.

"రెండు నిలువులుంటది మేడం."

"అయితే నీ కిస్మత్ మంచిగుంది. బొక్క ఒక్కటి గూడ పగుల్లేదు. కండ కమిలింది, అంతే. వారం రోజులు గోలీలు ఏసుకో, తక్కువైతది. సోమవారం మెడికల్‌కు బేఫికర్‌గ పో."

సృజనకు కళ్లనీళ్లు ఆగలేదు. అక్కడికక్కడే రెండు చేతులూ జోడించి దండం పెట్టింది. మొగుడి భుజం పట్టుకుని ఊపేసింది.

"ఇన్నవా? ఏం కాలేదంట! నువ్వు పోవచ్చంట!"

సంపత్ ఆమె వైపు చూడలేదు. ఆ ఫిల్మునే చూస్తున్నాడు.

"జర మళ్లొక్కపారి సూడుండ్రి మేడం" అన్నాడు ఏడుపు గొంతుతో. "ఒక్కటి గూడ ఇరగలేదా? మొదటిపారి ఏం కాలేదనే గద, మళ్ల చెట్టెక్కి దుంకిన!"