‘రండి’ కాదు, ‘రా’

“నేను తినను,” అంది పాప, కంచం అవతలికి తోసేస్తూ.

ఉడికించిన గుడ్డు దొర్లుకుంటూ బల్ల అంచుదాకా వెళ్ళింది. దాన్ని పట్టుకోబోయి లిఫ్టు మెకానిక్ మంచినీళ్ళ గ్లాసు ఒలకబోశాడు.

“మరేం తింటావు?” అని అడిగింది అతని భార్య.

“ఏమీ తినను. మా ఇంట్లో అయితే తింటా.”

సంఘంవాళ్ళు ముందే కాగితం ఇచ్చారు. ఎనిమిదేళ్ళ ఆడపిల్ల. తల్లి ఆసుపత్రిలో ఉంది, ఎప్పుడు కోలుకుంటుందో తెలియదు. ఏడాదిలో మూడిళ్ళు మారింది. ఎవరైనా ముట్టుకుంటే ఊరుకోదు. భార్యాభర్తలిద్దరూ ఆ కాగితాన్ని వారం రోజులుగా పరీక్షకి చదివినట్టు చదివారు.

“పోనీ, నీ గది చూద్దాం రండి,” అన్నాడు మెకానిక్.

భార్య మోచేత్తో పొడిచింది. “రండి ఏంటండీ? రా అనండి.”

“రా తల్లీ, చూద్దాం.”

గదిలో మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. దిండు గలీబు భార్య స్వయంగా కుట్టింది. ఆమె టైలరు. మూడు ఆదివారాలు కూర్చుని దాని నిండా పసుపుపచ్చ బాతులు కుట్టింది. పాప దిండుని అటూ ఇటూ తిప్పి చూసింది.

“బాతులా? నేనేం చిన్నపిల్లనా?”

“విప్పేసి పూలు కుట్టనా?”

“పూలూ వద్దు.”

దిండు నేల మీద పడింది. పాప చరచరా పక్కగదిలోకి వెళ్ళి, బట్టలు కత్తిరించే పెద్ద బల్ల కింద దూరింది. పైనుంచి వేలాడుతున్న కర్టెన్ గుడ్డని కిందిదాకా లాక్కుంది. ఇంక కనిపించలేదు.

భార్యాభర్తలు వంటింట్లోకి వెళ్ళి గుసగుసలాడుకున్నారు.

“అయిపోయింది,” అన్నాడు మెకానిక్. “పోయినసారి బాబు గంట తరవాత అలిగాడు. ఈసారి పావుగంటకే.”

పోయినసారి సంఘం అధ్యక్షురాలు ‘ఇంకొన్నాళ్ళు ఆగండి’ అంది. కన్నవాళ్ళ దగ్గర ఉండే వీలు లేని పిల్లలకి, ఆ వీలు కుదిరేదాకా ఇళ్ళు వెతికిపెట్టడం సంఘం పని. ఏ పిల్ల ఏ ఇంటికి వెళ్ళాలో తేల్చేది ఆవిడే.

“ఈసారీ కాదంటే మళ్ళీ అడిగే మొహం నాకు లేదు,” అంది భార్య. “ఏడాదిన్నరగా ఆ గది సర్దడం, తలుపేసుకోవడం. ఇంక నా వల్ల కాదు.”

“అసలు ఆవిడకి ఎవరైనా నచ్చుతారా అని.”

“అలా అనకండి. ఇరవై ఆరేళ్ళుగా జీతం లేకుండా నడుపుతోంది. తన ఇంటి మేడమీద వాటా అద్దెకిచ్చుకోవచ్చుగా? అందులో మంచాలూ పరుపులూ పెట్టింది, పిల్లకంటే ముందే మంచం ఆ ఇంటికి చేరాలని. మన గదిలో మంచం ఎక్కడిది మరి? అలాంటి మనిషి పిల్లల్ని ఎవరికి పడితే వాళ్ళకి అప్పగిస్తుందా?”

“పాపకి నచ్చితేనే ఆవిడకి నచ్చినట్టు. అదీ నా భయం.”

“ఆవిడ సంగతి మర్చిపోండి. ఆవిడ లేదనుకోండి. ఇంట్లో ఉన్నది పాప ఒక్కతే.”

మెకానిక్ తలూపి వెళ్ళి బల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

“బయటికి రం... రా బంగారం. ఇంక నీకే భయమూ లేదు. ఎప్పటికీ ఇక్కడే ఉంటావు.”

కర్టెన్ కిందనుంచి ఒక చెప్పు ఎగిరొచ్చి అతని భుజానికి తగిలింది.

“అబద్ధం,” అంది పాప. “పోయిన ఇంట్లోనూ ఇదే చెప్పారు.”

మెకానిక్ భుజం రుద్దుకుంటూ భార్య వైపు చూశాడు. ఆమె పక్కన చతికిలబడి మెల్లగా అడిగింది.

“లిఫ్టులో జనం ఇరుక్కుంటే మీరేం చేస్తారు?”

“ఇప్పుడు లిఫ్టు గోలేంటే?”

“చెప్పండి.”

“ముందు మాట్లాడతా. తలుపు బలవంతంగా లాగను.”

“ఎంతసేపు పడుతుందని అడిగితే?”

“తెలిస్తే చెప్తా. తెలియకపోతే తెలియదంటా. రెండు నిమిషాలని చెప్పి అరగంట చేశామనుకో, ఇంక లోపలున్నవాళ్ళు మన మాట...”

అక్కడ ఆగిపోయాడు. తరవాత బల్ల కోడుకి వీపు ఆనించి కూర్చున్నాడు.

“పాపా, ఇందాక చెప్పింది అబద్ధమే. నువ్వెన్నాళ్ళుంటావో నాకు తెలియదు. మీ అమ్మకి ఎప్పుడు నయమవుతుందో కూడా తెలియదు. తెలిసిన రోజు అందరికంటే ముందు నీకే చెప్తాం.”

కర్టెన్ అంచు కొద్దిగా పైకి లేచింది. ఇద్దరూ కదలకుండా కూర్చున్నారు.

“అమ్మకి నయమైతే వెళ్ళిపోవచ్చా?”

“వెళ్ళొచ్చు. నేనే తీసుకెళ్ళి దింపుతా.”

“మీకు ఏడుపు రాదా?”

“ఈయనకొస్తుంది,” అంది భార్య. “సినిమాలో ఎవరి పెళ్ళయినా ఈయనే ఏడుస్తారు. పక్కసీటువాళ్ళు పెళ్ళికూతురి తండ్రేమో అనుకుంటారు.”

బల్ల కింద కిసుక్కుమని నవ్వు వినిపించింది. భార్య లేచి కంచం తెచ్చి, కర్టెన్ అంచున పెట్టి, ఏమీ అనకుండా మళ్ళీ కూర్చుంది. కర్టెన్ కిందనుంచి చెయ్యి వచ్చి గుడ్డు తీసుకుంది.

“ఉప్పు లేదు,” అంది పాప నములుతూ.

“రేపట్నుంచి వేస్తా.”

“నాకీ ఇల్లు నచ్చింది.”

భార్య చప్పున భర్త చెయ్యి పట్టుకుంది. అతని కళ్ళు అప్పుడే నిండాయి.

“మరి బయటికొస్తావా?”

“వస్తా. నా అంతట నేను లేవలేను. కాస్త పట్టుకోండి.”

చెరో చెయ్యీ పట్టి, పిల్లల్ని పంపేముందు ప్రతి ఇంట్లోనూ తనే పిల్లయి చూసే అరవయ్యారేళ్ళ అధ్యక్షురాలిని వాళ్ళు మెల్లగా బయటికి లాగారు.