మూడో పాటలో కుక్క

“దరఖాస్తులో హాబీ గడిలో ఏం రాశావురా?” అని రంగనాథ్ అడిగేసరికి పెద్దిరాజుకి పరాఠా ముక్క గొంతుకి అడ్డం పడింది.

“పాత అమెరికన్ బ్లూస్ పాటలు వినడం.”

“నువ్వా?”

“ఎవరికీ తెలియని హాబీ రాస్తే ఇంటర్వ్యూ బోర్డువాళ్లు దాని జోలికి రారంట. నీ టేపు మీదున్నది చూసి రాసేశా.”

రంగనాథ్ పడీ పడీ నవ్వాడు. 1985లో దేశ రాజధానిలోని లక్ష్మీ నగర్ అద్దె గదుల్లో సివిల్స్ చదివేవాళ్లందరివీ ఇలాంటి తెలివితేటలే. పక్క గది బసవపున్నయ్య తేనెటీగల పెంపకం అని రాశాడు, తేనెటీగని చూస్తే ఆమడ దూరం పరిగెత్తేవాడు. కానీ పెద్దిరాజుకిది మూడో ప్రయత్నం, ఆఖరిది. ఇంటర్వ్యూలో అబద్ధం బయటపడితే తట్టాబుట్టా సర్దుకుని పిఠాపురం రైలెక్కాల్సిందే.

“ఠీక్ హై, నెల టైముంది. విను,” అని రంగనాథ్ టేపు చేతిలో పెట్టాడు. రెండేళ్ల కిందట ఆ ఊళ్లోనే ఉన్న ఇంట్లో నాన్నతో గొడవపడి కట్టుబట్టలతో వచ్చేసినప్పుడు అతను వెంట తెచ్చుకున్నది అదొక్కటే.

మొదటిరోజు పెద్దిరాజుకి తల వాచిపోయింది. ఒక్కడే మనిషి, ఒకటే గిటారు, వెనక పకోడీలు వేగుతున్నట్టు చిటపటలు.

“అరవై ఏళ్లనాటి రికార్డులు మరి. పక్కన వాయించేవాళ్లెవరూ లేరు. వాడి గోడు వాడే చెప్పుకోవాలి యార్,” అన్నాడు రంగనాథ్.

వారం తిరిగేసరికి పెద్దిరాజు టీ కాస్తూ కాలితో తాళం వేస్తున్నాడు. మూడోవారంలో, చేలో ఒంటరిగా నీళ్లు కడుతూ పాడుకునే తాత గుర్తొచ్చి గుట్టుగా కళ్లు తుడుచుకున్నాడు. చదవాల్సిన పుస్తకాలు మూల పడ్డాయి.

ఇంటర్వ్యూలో వెండి ఫ్రేము కళ్లజోడు పెట్టుకున్న ఛైర్మన్‌గారు మిగతావాళ్లని ఆపి మరీ ఇంగ్లీషులో అడిగారు. “ఈ పాటల గురించి పుస్తకాల్లో దొరకని సంగతి ఒకటి చెప్పండి.”

 పెద్దిరాజు విన్నది విన్నట్టు చెప్పాడు. “మూడో పాటలో గిటారు ఆగినచోట కుక్క రెండుసార్లు మొరుగుతుంది సర్. ఆ రోజుల్లో ఎక్కడ కుదిరితే అక్కడే రికార్డు చేసేవారు కదా, కుక్కనీ ఉండనిచ్చారు. అలా ఉన్నదున్నట్టు ఉండబట్టే ఇన్నేళ్లయినా వినబుద్ధేస్తోంది.”

ఛైర్మన్‌గారు పెన్ను కింద పెట్టేశారు.  ఉన్నట్టుండి తెలుగులోకి దిగారు. “ఆ టేపు ఎవరిది బాబూ?”

“మా రూమ్మేట్‌దండీ.”

“వేళకి తింటున్నాడా?”

ఊఁ అన్నాడు పెద్దిరాజు. ఇక వెళ్లమన్నారు.

గదికొచ్చి మంచం మీద కూలబడ్డాడు. “నా పని అయిపోయిందిరా. కుక్క సంగతి చెప్పి కొంప ముంచుకున్నాను. పిచ్చోణ్ణనుకున్నట్టున్నారు, నీ తిండి గురించి అడిగి పంపేశారు.”

 రంగనాథ్ కళ్లనిండా నీళ్లతో చెప్పులు వేసుకుంటున్నాడు.

“ఎక్కడికిరా?”

“ఇంటికి. అసలు రికార్డులో కుక్క లేదు యార్. ఇంట్లో నాన్న టేపులోకి ఎక్కించేటప్పుడు పడింది.”

“మరది ఎక్కడి కుక్క?”

“మాదే.”