బిగుతు బనియను

జట్టులో మిగిలింది ఒక్క చోటు. ఈ దొలోమీతి కొండల సైకిలు పందెంలో నేను గెలిస్తే నాది, తుల్లియో గెలిస్తే వాడిది.

జెర్సీ కింద వేసుకోవడానికి బిగుతు బనియను తీశాను. పక్కనే బట్టలు మార్చుకుంటున్న తుల్లియో చూశాడు.

"అదే వేసుకోరా. ఒంటికి అతుక్కుంటేనే చెమట లాగేస్తుంది. వదులుది వేసుకుంటే దిగేటప్పుడు గడ్డకట్టి చస్తావ్."

"నీ మాట వింటే ఊపిరాడక చస్తా, దొంగ వెధవా!" బిగుతుది విసిరికొట్టి వదులుది తొడిగాను.

శిఖరం దాకా నేనే ముందు. దిగుతుంటే చెమటకు తడిసిన బనియను మంచుగడ్డైపోయింది. వేళ్లు కొయ్యబారి బ్రేకు నొక్కలేక, కాలు నేలకు ఈడ్చి ఆగాను. తుల్లియో దూసుకుపోయాడు.

చివర్లో వాడి కాలరు పట్టుకున్నాను. "నాకు నిజమెందుకు చెప్పావురా?"

చలిగాలికి అడ్డంగా జెర్సీలో కుక్కుకున్న న్యూస్‌పేపరు లాగేస్తూ నవ్వాడు. "చెప్పకపోతే బిగుతుదే వేసుకునేవాడివిగా!"