ఒక్క కేసుకు వేరే దారి

తప్పిపోయినవారి ఆచూకీ తీసే ఆఫీసులో ప్రోగ్రామరమ్మ తన ఆఖరి రోజున సంచి సర్దుకుంటోంది. ఆమె పని అందుకోబోయే కొత్తాయన కంప్యూటర్ తెర మీంచి తల ఎత్తలేదు.

“అక్కా, ఈ పెర్ల్ భాషలో రాసిన ప్రోగ్రాములో ఏడేళ్లు దాటిన కేసుల రిక్వెస్టులన్నీ ‘ముగింపు’ మాడ్యూలుకే కదా వెళ్లాలి?”

“వెళ్తున్నాయిగా.”

“ఒక్కటి తప్ప. దాన్ని మాత్రం ‘గాలింపు’ మాడ్యూలుకి మళ్లించే లైను నువ్వే రాశావు. ఎవరి కోసం?”

“అనుమానం నీ ఇంటిపేరా నాయనా?” అంటూ ఆమె కళ్లజోడు పెట్టెను సంచిలో కుక్కింది.

“గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటున్నావు. నేనా లైను తీసేస్తున్నా.”

ఆమె గబుక్కున అతని చెయ్యి పట్టుకుంది. “తీసేస్తే రేపటికి కేసు మూతపడుతుంది. ఇక ఎవరూ వెతకరు. ముందు ఫిర్యాదు ఎవరిదో చూడు.”

అతను కేసు తెరిచాడు. ఫిర్యాదు చేసింది ఆమే. తప్పిపోయింది ఆమె తమ్ముడు.

అతను ఆ లైను పైన ఒక వ్యాఖ్య టైపు చేశాడు: ‘ఇది పొరపాటు కాదు. ఎవరూ తీయకండి.’

“నేను వెళ్లేప్పుడు నా తర్వాత వచ్చేవాళ్లకి కూడా చెప్పే వెళ్తానక్కా” అన్నాడు.

సైకిలు బాగుచేయించుకొస్తానని తొమ్మిదేళ్ల కిందట జూన్‌లో ఒక మంగళవారం మధ్యాహ్నం బయటికెళ్లిన ఆమె తమ్ముడు తిరిగి రాలేదు.