తనిఖీ

గనిలోకి దిగే ప్రతి మనిషి దగ్గరా బీడీ, అగ్గిపెట్టె లేవని కాపలాదారు ముత్యం అందరి జేబులూ తడిమి చూడాలి. సంపత్ వంతు వస్తే మాత్రం ముత్యం చెయ్యి జేబు దగ్గర ఆగదు. రొమ్ము పట్టి పిసికి, "ఈడ ఏం దాచినవ్ అక్కా?" అంటాడు. షిఫ్టంతా నవ్వుతుంది.

సంపత్ రాత్రిపూట అన్నం మానేశాడు. రోజూ పరుగెత్తాడు. పొట్ట పోయింది, రొమ్ములు పోలేదు.

ఈరోజు తనిఖీ దగ్గర సేఫ్టీ ఆఫీసర్ నిలబడ్డాడు. సంపత్ కాచుకుని ఉన్నది ఇందుకే. తన వంతు రాగానే అంగీ విప్పి భుజాన వేసుకున్నాడు.

"రోజు చూసినట్టే చూడు ముత్యమన్న. సారుకు గూడ తెల్వాలె."

ముత్యం చెయ్యి లేవలేదు.

"చూడకుంటనే దింపుతవా? నీ డ్యూటీ గదే గదా."

"రోజూ ఏం చేస్తావయ్యా?" అన్నాడు ఆఫీసర్. ముత్యం రెండడుగులు వెనక్కి వేశాడు. షిఫ్టులో ఒక్కరూ నవ్వలేదు. ఆఫీసర్ తనిఖీకి వేరే మనిషిని పిలిచాడు.

డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి భార్య దవాఖానకు బట్టలు సర్దుతోంది. సంపత్ రొమ్ములు తీయించుకునే ఆపరేషన్ రేపే.

"ఆ సంచి పక్కకు పెట్టు," అన్నాడు సంపత్. "ఆపరేషన్ పొద్దుగాల ముత్యంకు అయిపోయింది."