పలకని పేరు

పెళ్లినాడు చర్చిలో ఫాదరుగారు చెప్పిస్తే గొణిగిందే తప్ప, అమలమ్మ మళ్లీ మొగుడి పేరు నోట పలికి ఎరగదు. ఆయన్ని పిలవాలంటే ఆరేళ్లుగా ఆమెకున్నది "ఏమండీ" ఒక్కటే.

పామర్రు నుంచి బెజవాడ చూడ్డానికి వచ్చి, పొద్దు వాలే వేళకి ఇద్దరూ కృష్ణలో లాంచీ ఎక్కారు. బ్యారేజీ ఎగువన నీళ్లన్నీ కుంకుమ కలిపినట్టున్నాయి.

"ఇక్కడ మనల్ని ఎరిగినవాళ్లెవరే? ఒక్కసారి పేరు పెట్టి పిలువు," అన్నాడు మరియదాసు, కమ్మీకి చేరబడి.

"ఊరుకోండి. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుద్దంట."

పొద్దు కొండల వెనక్కి దిగిపోయింది. దుర్గ గుడి దీపాలు చూడమని సరంగు నది నడుమ ఇంజను ఆపేశాడు. జనమంతా ఆ పక్కకి తిరిగారు. లాంచీకి నీళ్లు తగిలే చప్పుడు కూడా లేదు.

"మరియదాసూ..."

అచ్చం అమలమ్మ గొంతే. లాంచీ కిందనుంచి వచ్చింది.

"అమ్మయ్య, పిలిచావే!" అని నవ్వాడు మరియదాసు. ఆ నవ్వు నవ్వింది పక్కనున్న పెళ్లాన్ని చూసి కాదు, నీళ్లలోకి చూసి.

"నేను కాదండీ," అంది అమలమ్మ. ఆ మాట ఆమెకే వినబడలేదు.

చొక్కా పట్టుకుని లాగింది. ఏమండీ, ఏమండీ అంటూ పెదాలు ఆడాయి. ఆయన ఇటు తిరగలేదు. "వస్తున్నానే," అంటూ ఒక కాలు కమ్మీ అవతల వేశాడు.

ఇక ఆయుష్షు మాట కూడా మరిచి, ఉన్న బలమంతా పెట్టి, అమలమ్మ ఆయన్ని పేరు పెట్టి పిలిచింది.

ఆ పిలుపు నీళ్లలోంచి వినబడింది.