వంగితే నిలవని బరువు

"నడు. వెయిట్‌లిఫ్టింగ్ సంఘం కార్యదర్శిగారి కాల్లట్టుకుని తప్పయిపోనాదని సెప్పు, లిస్టులో పేరెడతారు." కంచరపాలెం జిమ్ములో కూతురు రోహిణి చెయ్యి పట్టి లాగాడు నూకరాజు.

"నాకన్నా తక్కువెత్తినదాన్ని పోటీకి పంపుతన్నారు. ఎందుకని అడిగేను. అదీ తప్పేనా?"

"పెద్దోల్లతో మనకేటి? వంగితే పోయేదేటుంది?"

రోహిణి బార్‌బెల్ చూపించింది. "యాబై కేజీలు. మెడ ముందరెట్టుకుని కూకుని లెగు. లెగిస్తే వత్తాను."

పోర్టులో ముప్పయ్యేళ్ళు అంతకి రెట్టింపు బరువు బస్తాలు మోసిన నూకరాజు వెటకారంగా నవ్వాడు. రాడ్డెత్తి, బస్తాకి వంగినట్టే వంగాడు. అది జారి దబ్బున పడింది. కసిగా మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ పడింది.

"బలం సాలక కాదు నాన్నా. బస్తా వీపు మీదుంటాది, వంగితేనే నిలుస్తాది. ఇది ముందుంటాది. మోసేతులు దించి వంగేవంటే పడిపోద్ది."

మూడోసారి మోచేతులెత్తి, రొమ్ము విరుచుకుని, ఎదరకి చూస్తూ కూర్చున్నాడు. కాళ్ళు వణికాయి గాని రాడ్డు జారలేదు. లేచాడు.

"లెగిసేను. మాట తప్పకు, నడు."

రోహిణి మొహం మాడిపోయింది. "కాల్లట్టుకోడానికేనా?"

నూకరాజు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"అడగడానికి. ఈసారి నానూ అడుగుతాను."